వాకిలి దాటని శవం

ముళ్లకంప గడపకు అడ్డంగా పడి ఉంది. గాలికి కొట్టుకొచ్చిన కంప కాదది. ఎవరో చేతులు గీరుకుపోతున్నా ఓర్చుకుని తెచ్చి, తలుపుకు ఆనించి, జారిపోకుండా మొదట్లో బండరాయి కూడా పెట్టి పోయారు. తలుపుకు పిడికిలంత తాళం ఉంది. తాళం వేసిన తలుపుకు కంప కాపలా ఎందుకో శివలీలకు వెంటనే అర్థం కాలేదు.

"పాములమ్మా. ఈడ పాములు శానా ఉండాయి," అన్నాడు వాచ్‌మన్ కంబన్న, ఆమె అడగకముందే.

అడగని ప్రశ్నకు జవాబు చెప్పేవాడంటే శివలీలకు భలే ఇష్టం. సగం పని వాడే చేసి పెడతాడు.

"కంపను చూసి పాము వెనక్కి పోతాదా కంబన్నా? మా ఆదోని పాములకు ఇంత మర్యాద తెలీదే!"

కంబన్న నవ్వలేదు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి నాలుగడుగులు వెనక్కి పోయి నిలబడ్డాడు. ఎండ మాడు పగలగొడుతోంది. నీడ మెట్ల దగ్గర ఉంటే ఆ మనిషి ఎండలోనే ఉన్నాడు.

శివలీల ఒకప్పుడు ఎస్సై. పై అధికారి చెప్పిందానికల్లా తల ఊపడం చేతగాక ఉద్యోగం వదిలేసి, కర్నూల్లో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. తెరిచిన నాటినుంచీ పెళ్లికొడుకుల గుణగణాలు, పారిపోయిన భాగస్తుల ఆచూకీలు, ఇవే. ఒక మనిషి ఎక్కడ చనిపోయాడో తేల్చిపెట్టమని అడిగినవాళ్లు ఇప్పటిదాకా లేరు. చెన్నమ్మ అడిగింది.

చెన్నమ్మ ఇప్పుడు గేటు బయట కారులో కూర్చుని ఉంది. పక్కన కొడుకు అజయ్.

కథ చిన్నదే. కడప జిల్లా అంచున, ఊరికి దూరంగా ఉన్న ఈ పాత ప్రభుత్వ గెస్ట్‌హౌసును పడగొట్టి, ఇదే చోట కొత్త ఆఫీసులు కట్టాలని టెండర్లు పిలిచారు. పిలిచింది కర్నూలు ఆఫీసు. అందరికంటే తక్కువకు వేస్తాడని అందరూ అనుకున్నది రాయచోటి కాంట్రాక్టరు కేశవయ్య, చెన్నమ్మ మొగుడు. టెండర్లు తెరిచే రోజు మధ్యాహ్నం మూడు గంటలకు కేశవయ్య తానే కర్నూలు ఆఫీసుకు వచ్చి, పోటీ నుంచి తప్పుకుంటున్నానని సంతకం పెట్టిన కాగితం ఇచ్చి పోయాడని ఆఫీసువాళ్లు అంటున్నారు. పని జయరాజ్ అనే పెద్ద కాంట్రాక్టరు కంపెనీకి పోయింది. మరునాడు తెల్లవారుజామున కేశవయ్య డోన్‌లో ఒక లాడ్జి గదిలో చనిపోయి కనిపించాడు. గుండె ఆగిందన్నారు.

చెన్నమ్మ నమ్మలేదు. ఆ రోజు పొద్దున, గెస్ట్‌హౌసు దగ్గర సైటు చూసి భోజనానికి వచ్చేస్తానని చెప్పి ఇల్లు కదిలిన మనిషి కర్నూలు ఎందుకు పోతాడు, డోన్ ఎందుకు పోతాడు? బెదిరించి సంతకం తీసుకున్నారు, ఆ టెండరు చెల్లదు అంటూ కడప కోర్టులో దావా వేసింది. కోర్టు పని ఆపించింది. అక్కడే కంపెనీ లాయరు అడ్డం తిరిగాడు. టెండరు పిలిచింది కర్నూలు, తెరిచింది కర్నూలు, మనిషి తప్పుకున్నది కర్నూలు, మధ్యలో కడప కోర్టుకేం పని అన్నాడు. జడ్జి గారు ఆ మాటను కొట్టిపారెయ్యలేదు. నా పరిధిలో ఏ ఒక్క ముక్క జరిగిందని చూపించినా నేను వింటాను, లేకపోతే దావా కాగితాలు వాపసు ఇస్తాను, కర్నూల్లో వేసుకోండి అన్నారు. రేపే గడువు.

కర్నూల్లో వేసుకోవచ్చు. కానీ కడప కోర్టు చెయ్యి తీసెయ్యగానే స్టే పోతుంది. ప్రహరీ బయట రెండు జేసీబీలు ఇప్పటికే మూతులు ఇటు తిప్పి నిలబడి ఉన్నాయి. కర్నూలు కోర్టు గుమస్తా కాగితాలు విప్పేలోగా ఇక్కడ రాయి మీద రాయి ఉండదు. మొగుడు ఎక్కడ, ఎట్లా పోయాడో చెన్నమ్మకు ఈ జన్మకు తెలియదు.

శివలీల కంపను కాలితో పక్కకు జరిపింది. వెనక కంబన్న "అమ్మా!" అని గట్టిగా అరిచి, అరిచినందుకు తానే సిగ్గుపడ్డాడు.

"నీ కాపురం యాడ కంబన్నా?"

"అదిగో, ఆ చేలో."

ప్రహరీ అవతల చేలో టార్పాలిన్ కప్పిన గుడిసె కనిపించింది. ఈ ఎండల్లో అందులో మనిషి ఉడికిపోవాలి. ప్రహరీ లోపల మాత్రం వాచ్‌మన్ కోసం కట్టిన గది నిక్షేపంగా ఉంది. సిమెంటు కప్పు, పక్కన బోరు. దాని గుమ్మానికీ ఓ కంప అడ్డం పడి ఉంది.

"ఇంత మంచి గది విడిచి గుడిసెలో ఎందుకుండావు?"

"పాములని చెప్తి కదమ్మా."

"చేలో పాములు లేవా?"

కంబన్న చూపు గుడిసె వైపు మళ్లింది. గుడిసె ముందు అతని పెళ్లాం గిడ్డమ్మ నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వీళ్లనే చూస్తోంది. ఇద్దరూ ఆలూరు వైపు నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. శివలీల మాట యాస వాళ్లకు సొంతూరి గాలిలాంటిది. అయినా ఆ ఆడమనిషి ఒక్క అడుగు ముందుకు రాలేదు.

తాళం తీసి శివలీల ఒక్కతే లోపలికి పోయింది.

లోపల చల్లగా ఉంది. ఆ చల్లదనం ఒంటికి హాయిగా అనిపించలేదు. మూసిన ఇళ్లలో గబ్బిలాల వాసనో, ఎలుకల వాసనో ఉంటుంది. ఇక్కడ ఏ వాసనా లేదు. కడప బండలు పరిచిన నేల శుభ్రంగా కడిగినట్టుంది. ముందు హాలు, కుడివైపు వంటగది, ఎడమవైపు ఒక పడకగది, వెనక మరో పడకగది. ఎవరో కడిగి తుడిచి, ఆ తర్వాత ఎవరూ అడుగు పెట్టని ఇల్లు. అలాంటి ఇల్లు మనిషిని పలకరిస్తున్నట్టే ఉంటుంది. పలకాలంటే భయమేస్తుంది.

వెనక గదిలో ఎవరో ఊపిరి తీస్తున్నారు.

శివలీల ఆగిపోయింది. దెయ్యాలను నమ్మదు కానీ, నమ్మని మనుషులకు కూడా వీపు ఉంటుంది, ఆ వీపు ఒక్కసారిగా చల్లబడింది. ఊపిరి సన్నగా, తెరలు తెరలుగా వస్తోంది. ఒకసారి ఆగుతుంది, మళ్లీ వస్తుంది. తెల్లారగట్ల ఉబ్బసం మనిషి పక్కలో కూర్చుని ఊపిరి కోసం పెనుగులాడుతున్నట్టు.

పొద్దున కారులో చెన్నమ్మ చెప్పిన మాట ఆమెకు అప్పుడు గుర్తు రావడం ఏమీ బాగాలేదు. "కలలోకి దినామూ వస్తాడమ్మా. ఇంటి సుట్టూ తిరుగుతాడు. లోపలికి రా అంటే, వాకిలి యాడుండాదో తెలీడం లేదు చెన్నీ అంటాడు." ఆ మాట చెప్తున్నప్పుడు స్టీరింగు మీద అజయ్ వేళ్లు తెల్లబడ్డాయి. చాల్లేమ్మా అని కసిరాడు.

శివలీల తనను తాను నాలుగు తిట్లు తిట్టుకుని వెనక గదిలోకి నడిచింది. ఒక మంచం, ఒక పాత ఇనప బీరువా. మనిషి లేడు. ఊపిరి బీరువా వెనక నుంచి వస్తోంది.

బీరువాను భుజంతో నెట్టింది. కింద బండల మీద గీతలు పడి ఉన్నాయి. ఈ మధ్య దాన్ని ఎవరో జరిపారు. వెనక గోడకు చెయ్యి ఆనిస్తే అరచేతికి వేడి గాలి తగిలింది. రాళ్ల సందుల్లోంచి బయటి గాలి ఈలవేస్తూ వస్తోంది. శివలీల పెద్దగా ఊపిరి వదిలింది. బతికిపోయాననుకుంది, కానీ అలా అనుకున్నది కాసేపే.

ఆ పాత గోడ అంతా సున్నం, ఇసుక కలిపి కట్టిన రాతిగోడ. గదిలో మిగతా మూడు వైపులా సున్నం కొట్టి తెల్లగా ఉంది. బీరువా వెనక మాత్రం, నేల నుంచి భుజాల ఎత్తు వరకు, ఒక మనిషి వంగి పోగలిగినంత మేర రాళ్లు ఊడదీసి మళ్లీ పేర్చారు. పేర్చినవాడికి తాపీ పని రాదు. మధ్యలో మట్టి మెత్తి వదిలేశాడు. కొన్ని రాళ్ల సున్నం కొట్టిన ముఖాలు లోపలికి తిరిగిపోయి, ఎర్రటి పచ్చి ముఖాలు గదివైపు చూస్తున్నాయి.

కిటికీ ఊచలు చెక్కుచెదరలేదు. వెనక తలుపు గడియ బాగుంది, ముందు తలుపు బాగుంది. దొంగ అయితే లోపలికి రావడానికి పగలగొడతాడు. బయటి నుంచి కొడితే రాళ్లు లోపలికి పడాలి, బండల మీద దెబ్బలుండాలి. ఇక్కడి బండల మీద ఒక్క పెచ్చు కూడా లేవలేదు. లోపలి నుంచి కొట్టారు. రెండు తలుపులున్న ఇంట్లోంచి గోడ పగలగొట్టుకుని బయటికి పోవాల్సిన అవసరం బతికున్న మనిషికి ఉండదు.

శివలీల మంచం మీద కూర్చోబోయి, ఏదో తోచి కూర్చోలేదు.

వాళ్ల అవ్వ చనిపోయినప్పుడు ఆదోనిలో ఇట్లాగే చేశారు. చెడ్డ చుక్కలో ప్రాణం పోతే శవాన్ని వాకిలి గుండా తీసుకుపోకూడదు. తీసుకుపోతే దారి గుర్తుపెట్టుకుని తిరిగొచ్చి, ఇంట్లో మరొకరిని వెంటబెట్టుకుని పోతుందని భయం. అందుకే గోడ పగలగొట్టి బయటికి తీస్తారు. తర్వాత ఇంటికి కంప కొట్టి కొన్ని నెలలు పాడుబెడతారు. ఆ ఛాయల్లో ఎవరూ కాపురం ఉండరు.

ఫోన్లో పంచాంగం తెరిచింది. టెండర్లు తెరిచిన రోజు మధ్యాహ్నం పన్నెండు గంటల దాకా రేవతి నక్షత్రం. అవ్వ పోయింది కూడా రేవతిలోనే. తర్వాత వచ్చింది అశ్విని, దానికి ఏ దోషమూ లేదు. కేశవయ్య నిజంగా మరునాడు తెల్లవారుజామున డోన్‌లో పోయి ఉంటే ఈ గోడతో ఎవరికీ పని లేదు. ఎవరో ఆ రోజు మధ్యాహ్నంలోపే, ఈ గదిలో, శవాన్ని చూశారు.

మూడు గంటలకు కర్నూల్లో సంతకం పెట్టింది మరి ఎవరు?

ఆమె కడపలో ఉన్న లాయరు పద్మప్రియకు ఫోను చేసింది. పద్మప్రియ చెప్పిందంతా వింది.

"చుక్కల గురించి జడ్జి గారికి చెప్పలేం శివలీలా, నవ్వుతారు. గోడ ఫోటోలు తియ్యి. వాటితో పాటు ఆ రోజు కేశవయ్యను అక్కడ చూశానని చెప్పే మనిషి ఒక్కరు కావాలి, ఒక్కరు చాలు. అప్పుడు ఈ తగాదా మన కడపదే. కర్నూలు అనేవాళ్ల నోరు మూతపడుతుంది."

"తెస్తా," అంది శివలీల.

"ఎవర్ని తెస్తావమ్మా?" అని వెనక నుంచి వినిపించింది.

బసవరాజ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, మెరిసే బూట్లు. రిటైరయినా పోలీసు నడక పోలేదు. శివలీల ఎస్సైగా ఉన్నప్పుడు ఆమె పై సీఐ ఇతనే. ఆమె తల ఊపనన్నది ఇతని మాటకే. ఇప్పుడు జయరాజ్ కంపెనీకి సెక్యూరిటీ వ్యవహారాలు చూస్తున్నాడు. తల ఊపేవాళ్లు అక్కడ బాగా దొరుకుతారు కాబోలు.

"కోర్టు స్టే ఉండే సోటికి నువ్వెట్ల వస్తివి?" అన్నాడు.

"స్టే కూలగొట్టేదానికి సార్. చూసేదానికి కాదు."

"నోటికేం తక్కువ లేదు నీకు, అప్పుడూ ఇప్పుడూ." బీరువా వైపు చూశాడు. గోడ వైపు మాత్రం చూడలేదు. తెలిసిన చోటును మనిషి చూడడు. "వానకు పడిన గోడ అది."

"ఏ వాన సార్? రెండేండ్లుగా ఈ నేల తడిసింది ఎప్పుడు? అయినా లోపలి నుంచి బయటికి కురిసే వాన నేనెప్పుడూ వినలేదు."

"పాత కట్టడం. కూలిపోతాదనే కదా టెండరు పిలిచిరి."

"కూలిన గోడకు మట్టి మెత్తి, బీరువా అడ్డం పెట్టిందెవరు? పడగొట్టే ఇంటికి ఎవరైనా రిపేరు చేయిస్తారా?"

బసవరాజ్ నవ్వాడు. ఆ నవ్వు శివలీలకు తెలుసు. ఎదుటివాడి చేతిలో ఏముందో ముందే చూసేసిన మనిషి నవ్వు అది. ఆమెకు నచ్చలేదు.

"ఫోటోలు తీసుకో. బాగా వెలుతురులో తీసుకో. రేపు కోర్టులో పెట్టు. మా లాయరు లేచి ఒక్కటే అడుగుతాడు, గోడ ఎవరు పగలగొట్టినారు అని." దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఆ జవాబు నీకు ఫీజిచ్చే ఆయమ్మకు కావాల్నో వద్దో కనుక్కోని పెట్టు. పాత పరిచయం కొద్దీ చెప్తాండా."

"బెదిరిస్తాండారా?"

"జాలి పడుతున్నానమ్మా."

అతను బూట్లు టకటకలాడించుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. శివలీల అక్కడే నిలబడింది. కోపం రావలసిన చోట ఆమెకు దిగులు వచ్చింది. ఇతను అబద్ధాలు చాలా చెప్పగలడు, కానీ ఇప్పుడు చెప్పింది అబద్ధంలా లేదు.

ఆమె వెనక తలుపు తీసి గిడ్డమ్మను చేత్తో పిలిచింది. ఎంత పిలిచినా కదలని ఆడమనిషి, "నేను మీ ఆలూరు పక్కదాన్నే గిడ్డక్కా, నాక్కూడా భయమేస్తాంది, రా" అనగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చేసింది. గడప దగ్గర ఆగి, గడపకు దండం పెట్టి, కుడికాలు లోపల పెట్టింది. గోడ చూడగానే రెండు కళ్లూ మూసుకుంది.

"ఈ ఇంటిని పాడుబెట్టింది మీరే కదా?"

"కంప ఏసింది మేమే. ఒట్టు, అదొక్కటే మేము చేసింది."

"రేవతి చుక్క అని నీకెట్ల తెలుసు?"

"వాళ్లే అనుకుంటాండిరి." గిడ్డమ్మ నోటి మీది కొంగు తీసింది. "పొద్దున కార్లో వచ్చిరి. ఆ పెద్దాయన, ఈ పోలీసాయన, ఇంకొకరు. రూములో అరుపులు. పెద్దాయన 'నేను పెట్టను, సచ్చినా పెట్టను' అని అరిసె. తరువాత ఏమీ వినపడలా. ఏమీ వినపడకుండా పోతే మాకు ఎక్కువ భయమాయె. మా ఆయప్పను గడ్డపార తీసుకోని రమ్మనిరి."

"గోడ పగలగొట్టమన్నది మీరు కాదా? ఈ ఛాయలో కాపురముండేది మీరే కదా. దోషం తగిలేది మీకే కదా?"

"మేము నోరెత్తితే అట్లే పూడ్చేటట్లుండిరి. పోలీసాయన ఐతే వాకిట్లోంచే ఎత్తుకోని పోదాము, ఈ పిచ్చిమాటలేంది అన్యాడు. ఇంకొకాయన ఒప్పుకోల్యా. ఆ పోలీసాయన కాళ్లు పట్టుకోని ఏడిసె. మా యమ్మ ఉండాది, మా యమ్మను తీసుకోనిపోతాడు, వాకిలి దాటించొద్దు అని. చిన్నపిల్లోడి మాదిరి ఏడిసెనమ్మా. మా ఆయప్ప సూడల్యాక గడ్డపార ఎత్తినాడు. దుడ్లు ఇస్తే కూడా తీసుకోలేదు, మీరు నమ్మాల."

బసవరాజ్ జాలి ఎవరి మీదో శివలీలకు ఇప్పుడు తెలిసింది. నిజం బయటపెట్టమని బతిమాలి తెచ్చుకున్న మనిషికి ఈ నిజాన్ని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? చెప్పకుండా, సాక్షి దొరకలేదని కేసు వదిలేస్తే? ఒక్క క్షణం ఆ ఆలోచన కూడా వచ్చింది ఆమెకు. చెన్నమ్మకు మొగుడు ఎట్లాగూ లేడు, కొడుకైనా మిగులుతాడు.

"ఏ పిల్లోడు?" అంది గోడ.

గిడ్డమ్మ కెవ్వుమని శివలీలను పట్టుకుంది. గోడలోంచే వచ్చింది మాట. సన్నగా, ఎండిపోయిన గొంతుతో మళ్లీ అడిగింది. "ఏ పిల్లోడు ఏడిసినాడు? ఎట్లుంటాడు? చెప్పు తల్లీ."

పేర్చిన రాళ్ల సందులో ఒక కన్ను కనిపించింది. చెన్నమ్మ. కారులో ఉక్క తట్టుకోలేక నీడ కోసం ఇంటి వెనక్కి వచ్చినట్టుంది. ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడిందో! గోడకు అవతల, ఆమె మొగుడిని బయటికి లాగిన చోటే నిలబడి, అంతా వినింది.

గిడ్డమ్మ నోరు విప్పనక్కర్లేకపోయింది. తెరిచి ఉన్న ముందు తలుపులోంచి, గేటు దగ్గర కారుకు ఆనుకుని నిలబడిన అజయ్ వైపు ఆమె చూసిన చూపే చెప్పేసింది.

ఇద్దరూ బయటికి పరుగెత్తారు. చెన్నమ్మ గోడకు చెయ్యి ఆనించి అలాగే ఉంది. ఏడవడం లేదు. ఆమె ముఖం చూడటం కంటే ఏడుపు చూడటమే తేలికనిపించింది శివలీలకు.

"వాకిలి దొరకడం లేదు అంటాండె," అంది చెన్నమ్మ ఎవరితోనో అన్నట్టు. "ఎట్ల దొరుకుతాది? గోడలోంచి ఈడ్చుకోని పోతిరి కదా." తర్వాత తల తిప్పి కేక వేసింది. "అజయా!"

అజయ్ వచ్చాడు. ఇరవై నాలుగేళ్లవాడు. ఈ రెండు నెలల్లో గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి, నలభై ఏళ్లవాడిలా ఉన్నాడు. తల్లి ఎక్కడ నిలబడి ఉందో చూడగానే అడుగు ఆగిపోయింది. ఇందాక బసవరాజ్ రావడంతో ఆపని శివలీల ఫోను ఇంకా పద్మప్రియతో కలిసే ఉంది. ఇప్పుడూ దాన్ని ఆపలేదు. స్పీకరు తెరిచి చేతిలోనే పట్టుకుంది.

"నాయన్ని ఈడికి పిలుచుకోని వచ్చింది నువ్వా?" అంది చెన్నమ్మ.

వాడు అవునన్నట్టు తల ఊపాడు.

"నోటితో చెప్పు."

"నేనేమ్మా. సైటు సూద్దాం రా నాయనా అని ఫోను చేసినా." మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. "జయరాజన్న పనిలో నన్ను కలుపుకుంటానన్యాడు. నాయన కింద ఎన్నేండ్లు చేసినా నేను పనోణ్నే కదా అనిపిచ్చింది. ఒక్క సంతకం, అంతే అనుకున్యా. నాయన పెట్టల్యా. నన్ను తిట్టినాడు. తిడతా తిడతా అట్లే ఇరుసుకోని పడిపోయినాడు. ఊపిరి లేదన్యారు. ఫోన్లో సూస్తే రేవతి ఉండాది. నాకు పిచ్చెక్కింది. ఇంట్లో ఇంక నువ్వొక్కదానివే..."

"కర్నూల్లో కాగితం?"

"సంతకం నేనే చేసినా. నేనే పోయి ఇచ్చినా. ఆఫీసోళ్లు జయరాజన్న మనుషులే, నాయనే వచ్చినట్లు రాసుకునిరి."

చెన్నమ్మ కొడుకు వైపు నడిచింది. శివలీల అడ్డం పోబోయి ఆగింది. కొడుతుందనుకుంది. కొట్టలేదు. వాడి చొక్కాకు అంటిన కారు దుమ్మును చేత్తో దులిపింది.

"రేపు కోర్టుకు పోదాం," అంది. "మీ నాయన యాడ పోయినాడో నేను చెప్తా. ఈ గోడ ముందర, రేవతి చుక్కలో పోయినాడని చెప్తా. ఎట్ల పోయినాడో నువ్వు చెప్పు. ఆ టెండరు పోనీ, ఈ కొంపలు పోనీ, నువ్వు జైలుకు పో. నేను వచ్చి సూసిపోతా. నిజం మాత్రం చెప్పు."

అజయ్ తల్లి రెండు చేతులూ పట్టుకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"ఈడ పోలేదమ్మా," అన్నాడు.

శివలీలకు అర్థం కాలేదు.

"నాయన ఈడ పోలేదు. మేము పోయినాడనుకున్యాం. గోడలోంచి తీసి కార్లో పడుకోబెట్టినాం. డోన్ కాడికి పోయేసరికి కండ్లు తెరిచినాడు. అజయా, నీళ్లియ్యిరా అన్యాడు." వాడు తల్లి చేతుల్లో మొహం దాచుకున్నాడు. "నా పేరు పెట్టి పిలిచినాడమ్మా! అన్నా, ఆసుపత్రికి తిప్పు, బతికుండాడు అంటి. బసవరాజన్న తిప్పల్యా. లాడ్జిలో పడుకోబెట్టి, డాక్టరు వస్తాండాడు, నువ్వు కర్నూలుకు పోయి కాగితం ఇచ్చిరా, నాయన్ని నేను సూసుకుంటా అన్యాడు. నమ్మి పోయినా. బతికుండే మనిషిని విడిచిపోయినా. తెల్లారి ఫోను చేసి, పోయినాడు, నోరు మూసుకో, గోడ పగలగొట్టించింది నువ్వే, సంతకం దొంగది నీదే అన్యాడు."

ఇప్పటిదాకా శివలీల ఒక దారి పట్టి వచ్చింది. గోడ చూసి, చుక్క చూసి, మనిషి ఇక్కడే చచ్చాడని తేల్చేసింది. వీళ్లంతా కూడా అదే తేల్చుకున్నారు. నాడి పట్టుకుని చూడాల్సిన వేళ పంచాంగం చూశారు. ఆసుపత్రి వైపు పరుగెత్తాల్సిన వాళ్లు గడ్డపార కోసం పరుగెత్తారు. ఊపిరి ఉన్న మనిషిని శవంలా గోడలోంచి ఈడ్చారు.

బెదిరింపు కడపలో జరిగింది. టెండరు తగాదా వినడానికి కడప జడ్జికి అది చాలు. హత్య మాత్రం డోన్‌లో జరిగింది, ఒక లాడ్జి గదిలో, తలుపు వేసుకుని. ఆ గదిలో కేశవయ్యతో చివరిదాకా ఉన్న మనిషి ఒక్కడే. అతను ఇన్నాళ్లూ కాపలా కాస్తున్నది జయరాజ్ టెండరుకు కాదు, తన మెడకు.

"శివలీలా," అంది చేతిలోని ఫోను. పద్మప్రియ గొంతు గాబరాగా ఉంది. "నేనంతా విన్నాను. రికార్డు చేశాను. ఆ అబ్బాయిని వెంటనే అక్కడి నుంచి తీసుకురా. అక్కడ ఇంకెవరున్నారు?"

శివలీల తల ఎత్తి చూసింది. బసవరాజ్ ఇంటి మూల దగ్గర నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో తెలియదు. ఆ నవ్వు ఇప్పుడు ముఖంలో లేదు. గేటు మూసి ఉంది, కంబన్న చేతిలో ఉండాల్సిన దాని తాళంచెవి అతని వేలికి వేలాడుతోంది.

"అజయ్," అన్నాడు మెల్లగా, వాళ్ల వైపు అడుగులేస్తూ. "ఎండలో ఏం పని? నా కారెక్కు. పోదాం."

రెండు నెలలుగా ఆ గొంతుకు అలవాటు పడిన అజయ్ మోకాళ్ల మీద నుంచి లేచాడు. అడుగు కూడా వేశాడు. చెన్నమ్మ వాడి మణికట్టు పట్టుకుంది. తన మొగుడిని చావుకు అప్పగించి వచ్చిన చెయ్యి అది. తాను కని పెంచిన చెయ్యి. గోళ్లు దిగేలా పట్టుకుంది, ఎంత గింజుకున్నా వదల్లేదు.

"నీళ్లన్నా ఇచ్చినావా ఆయనకు?" అని అడిగింది బసవరాజ్‌ను.

అతను వాళ్ల వైపు నడుస్తూనే ఉన్నాడు.